క్రొవ్వులు, కొలెస్టరాల్, పురుషుల సంతానశక్తి: ఒక పరిశోధనపై విమర్శ

పెండ్లియై నాలుగేండ్లు గడచినను ఇంట ఉయ్యాల కట్టకపోయినచో, లోకము ముందుగా వేలెత్తి చూపునది కోడలినే. నోములు ఆమెయే నోచవలెను. మందులు ఆమెయే మ్రింగవలెను. మాటలు ఆమెయే పడవలెను. వైద్యశాస్త్రము చెప్పునది వేరు. సంతానము కలుగని జంటలలో సుమారు సగము మంది విషయమున పురుషుని పక్షమున గూడ ఏదో యొక లోపము కనిపించుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన నివేదిక ప్రకారము, వయోజనులలో దాదాపు ఆరుగురికి ఒకరు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఈ చిక్కు నెదుర్కొనుచున్నారు. కావున పురుషుని సంతానశక్తిని గూర్చి సిగ్గుపడక శాస్త్రీయముగా ఆలోచించుట అవసరము.

అయితే ఆలోచన మొదలైన వెంటనే పుకార్లును మొదలగును. ఒకరు "వెన్న, నేయి, మాంసపు క్రొవ్వు తిన్నచో శుక్రకణములు తగ్గిపోవును" అందురు. మరియొకరు "కొలెస్టరాల్ లేనిదే పురుష హార్మోను లేదు, కాబట్టి నేయి దండిగా తినవలెను" అందురు. ఇరువురును శాస్త్రమునే సాక్ష్యముగా చూపుదురు. మొదటి వాదమునకు ప్రధానాధారము 2013లో అమెరికాలోని ఒక ప్రసిద్ధ పోషకాహార పత్రికలో డెన్మార్క్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన వ్యాసము. రెండవదానికి ఆధారము పాఠ్యపుస్తకములలోని ఒక రసాయన సత్యము. ఈ రెండింటి బలమెంతయో, బలహీనత యెక్కడనో తూచి చూచుట ఈ వ్యాసోద్దేశము.

కొలెస్టరాల్ కథ

కొలెస్టరాల్ అను మాట వినగానే గుండెజబ్బు జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని అది విషము కాదు. ప్రతి జంతుకణము యొక్క పొరలోను అది ఒక ఇటుక. పైత్యరసములోని ఆమ్లములకు, డి విటమినుకు, స్త్రీ పురుష హార్మోనులకు అదియే మూలపదార్థము. కొలెస్టరాల్ అణువులో 27 కర్బన పరమాణువులు గలవు. వృషణములలోని లైడిగ్ కణములు దానిని మొదట 21 కర్బనములు గల ప్రెగ్నెనలోనుగా కత్తిరించి, పిమ్మట కొన్ని మెట్లు దాటించి 19 కర్బనములు గల టెస్టోస్టిరానుగా మార్చును. ఈ కణములను 1850లో వర్ణించిన ఫ్రాంజ్ లైడిగ్ పేరే వాటికి నిలిచినది.

ఇంతవరకు సత్యము. "కావున కొలెస్టరాల్ ఎక్కువ తిన్నచో హార్మోను ఎక్కువగును" అనునది మాత్రము సత్యము కాదు. లెక్క చూచిన ఈ విషయము తేటపడును. ఆరోగ్యవంతుడగు పురుషుని శరీరము దినమునకు తయారుచేయు టెస్టోస్టిరాను కొద్ది మిల్లీగ్రాములు మాత్రమే. ఆ శరీరమే దినమునకు స్వయముగా తయారుచేసికొను కొలెస్టరాలో, సుమారు ఒక గ్రాము, అనగా వేయి మిల్లీగ్రాములు. ఆహారము ద్వారా వచ్చునది దీనికి అదనము. ధాన్యపు కొట్టు నిండియుండగా, గుప్పెడు గింజలతో వండు అత్తెసరు అన్నమునకు మరియొక బస్తా తెచ్చి పోసినందువలన లాభమేమి?

హార్మోను ఎంత తయారు కావలెనో నిర్ణయించునది సరకు నిలువ కాదు. మెదడు క్రింద నుండు పీయూష గ్రంథి ల్యూటినైజింగ్ హార్మోను అను ఆజ్ఞాపత్రమును పంపును. ఆ ఆజ్ఞ అందినపుడు, లైడిగ్ కణములో స్టార్ అను మాంసకృత్తు కొలెస్టరాలును మైటోకాండ్రియా లోపలి పొరకు చేరవేయును. ఈ మాంసకృత్తును 1994లో గుర్తించిరి. పనియంతయు ఈ చేరవేతపై ఆధారపడి నడచును. తలుపు ఇరుకైనపుడు వాకిట ఎంత సరకు పేరుకొన్నను ఇంటిలోనికి పోవునది కొంతయే.

మరి క్రొవ్వుల పాత్ర యేమి? ఆహారములోని సంతృప్త క్రొవ్వులు, అనగా చల్లని చోట గడ్డకట్టు వెన్న, నేయి, కొబ్బరినూనె, పామాయిలు వంటివాటిలో విశేషముగా నుండునవి, కాలేయ కణములపై నుండు కొలెస్టరాల్ గ్రాహకములను తగ్గించును. ఈ గ్రాహకములను కనుగొని వివరించినందుకే టెక్సాస్‌లోని మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీనులకు 1985లో నోబెలు బహుమానము లభించినది. గ్రాహకములు తగ్గినచో రక్తములోని కొలెస్టరాల్ కాలేయములోనికి పోక రక్తమునందే తిరుగాడును. అసంతృప్త క్రొవ్వులు దీనికి విరుద్ధముగా పనిచేయును. రక్తములోని కొలెస్టరాలుపై ఆహారమందలి కొలెస్టరాల్ కంటె సంతృప్త క్రొవ్వుల ప్రభావమే సాధారణముగా ఎక్కువ. గుండె విషయమున ఈ సంగతి పలుమారులు పరీక్షింపబడి నిలిచినది. శుక్రకణముల విషయమున అంతటి పరీక్ష జరిగినదా యనునదే ప్రశ్న.

డెన్మార్క్ వ్యాసము చెప్పినదేమి?

ఈ వ్యాసమునకు పూర్వకథ యున్నది. అదే దేశపు శాస్త్రజ్ఞులు 1992లో ఒక సమీక్షను ప్రకటించిరి. 1940కిని 1990కిని నడుమ పురుషుల శుక్రకణముల సాంద్రత సగటున మిల్లీలీటరుకు 113 మిలియనుల నుండి 66 మిలియనులకు పడిపోయినదని అందు తెలిపిరి. ఆ లెక్క కట్టిన పద్ధతిపై చాలకాలము వాదములు నడచినవి. ఏమైనను, "ఎందువలన?" అను ప్రశ్న నాటి నుండి శాస్త్రజ్ఞులను వెన్నాడుచునే యున్నది.

డెన్మార్కులో యువకులందరును సైనికసేవకు పనికివత్తురో లేదో తేల్చు వైద్యపరీక్షకు హాజరు కావలెను. శాస్త్రజ్ఞులు 2008 నుండి 2010 వరకు అట్లు వచ్చిన యువకులలో 701 మందిని పరిశోధనకు చేర్చుకొనిరి. వారి వయస్సు సుమారు ఇరువది యేండ్లు. ఒక్కొక్కరు వీర్యపు నమూనా నొసగిరి. గత మూడు నెలలుగా ఏయే పదార్థములను ఎంతెంత తినుచున్నారో ఒక ప్రశ్నావళిలో వ్రాసియిచ్చిరి. సంతృప్త క్రొవ్వుల వాడకమునుబట్టి వారిని నాలుగు భాగములుగా విభజించి చూడగా, అందరికంటె ఎక్కువ తిన్న భాగము వారిలో శుక్రకణముల సాంద్రత, తక్కువ తిన్న భాగము వారికంటె 38 శాతము తక్కువగాను, మొత్తము సంఖ్య 41 శాతము తక్కువగాను కనబడినది. ఇతర రకముల క్రొవ్వులకును వీర్యగుణమునకును సంబంధము కానరాలేదు.

ముందుగా గుణములు చెప్పవలెను. ఇదివరకు ఇట్టి పరిశోధనలు పెక్కు చికిత్సాలయములకు వచ్చిన సంతానహీనులపై జరిగినవి. రోగుల నుండి సేకరించిన సాక్ష్యము ఆరోగ్యవంతులకు వర్తింపకపోవచ్చును. ఇందు సామాన్య యువజనులను తీసికొనుట మెచ్చదగినది. రెండవది, ప్రశ్నావళిలో మూడు నెలల కాలమును ఎంచుకొనుట. మనుష్యునిలో ఒక శుక్రకణము రూపొందుటకు సుమారు 74 దినములు పట్టును. అటు పిమ్మట అది ఎపిడిడిమిస్ అను నాళములో కొన్ని దినములు పక్వమగును. కావున నేటి నమూనాలోని కణములపై ప్రభావము చూపగలది నిన్నటి భోజనము కాదు, గత మూడు నెలల భోజనము. మూడవది, క్రొవ్వు వాడకము పెరిగినకొలది సంఖ్య మెట్టు మెట్టుగా తగ్గుట. ఇది యాదృచ్ఛికము కాదనుటకు కొంత బలము చేకూర్చును.

అభ్యంతరములు

అయినను ఈ వ్యాసముపై నాలుగు అభ్యంతరములు చెప్పవలసియున్నది.

మొదటిది, అంకెలలోని అనిశ్చితి. 38 శాతము అను అంకె అందరి నోటను పడినది. దాని ప్రక్కనే అదే వ్యాసములో ముద్రింపబడిన మరి రెండు అంకెలను ఎక్కువ మంది చూడలేదు. గణాంకశాస్త్ర రీత్యా ఆ తగ్గుదల 0.1 శాతము మొదలు 61 శాతము వరకు ఎంతైనను ఉండవచ్చునని శాస్త్రజ్ఞులే తెలిపిరి. అనగా అసలు తేడా ఇంచుమించు శూన్యమైనను ఈ సమాచారముతో పొసగును. మిక్కిలి పెద్దదైనను పొసగును. మొత్తము సంఖ్యకు సంబంధించిన అవధియు 4 నుండి 64 శాతము వరకు విస్తరించినది. 701 మందిని నాలుగు భాగములు చేయగా ఒక్కొక్క భాగమున మిగిలినది సుమారు 175 మంది. శుక్రకణముల సంఖ్యయో మనిషి మనిషికిని, ఒకే మనిషిలో వారము వారమునకును ఎంతయో మారునది. ఒక్కొక్కరి నుండి ఒకే నమూనా తీసికొన్నపుడు ఇట్టి అస్పష్టత తప్పదు. బజారులో కాటా ముల్లు ఊగుచుండగా "ఇది సరిగా ముప్పదియెనిమిది తులములు" అని చెప్పు వర్తకుని ఎవరును నమ్మరు. ముల్లు ఎక్కడి నుండి ఎక్కడికి ఊగుచున్నదో చెప్పిన వర్తకుడు నిజాయితీపరుడు. ఇచట శాస్త్రజ్ఞులు నిజాయితీగానే చెప్పిరి. వినినవారు సగమే వినిరి.

రెండవది, సహచర్యమును కారణముగా భ్రమించుట. ఇది ఒక కాలబిందువున తీసిన ఛాయాచిత్రము వంటి పరిశోధన. ఆహారమును, వీర్యమును ఒకేమారు కొలిచిరి. వెన్న, జున్ను, మాంసము ఎక్కువ తిను యువకుడు కూరగాయలు తక్కువ తినుచుండవచ్చును, వ్యాయామము మానియుండవచ్చును, రాత్రులు నిద్ర కాచుచుండవచ్చును. తమకు తెలిసిన ఇతర కారణములను కొన్నింటిని శాస్త్రజ్ఞులు గణితముచే సవరించిరి. తెలియని వాటిని ఏ గణితమును సవరింపజాలదు. మరియు భోజనములో ఒకటి పెరిగినపుడు మరియొకటి తగ్గును. తగ్గుదలకు కారణము చేరిన సంతృప్త క్రొవ్వా, లేక దానికి చోటిచ్చి తొలగిపోయిన పప్పులు, చేపలు, గింజలా? ఈ పద్ధతితో తేల్చుట కష్టము.

మూడవది, సంఖ్యకును సంతానమునకును గల దూరము. ఈ యువకులలో ఎవరికి సంతానము కలిగినది, ఎవరికి కలుగలేదు అను విచారణ ఇందు లేదు. ఉదాహరణకు మిల్లీలీటరుకు 60 మిలియనుల కణములు గల పురుషునిలో 38 శాతము తగ్గినదనుకొందము. మిగులునది సుమారు 37 మిలియనులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ముద్రించిన ప్రయోగశాలా గ్రంథములో చూపిన దిగువ హద్దు 16 మిలియనులు. కాబట్టి ఇట్టివాని సంతానశక్తికి ఆ తగ్గుదల వలన ముప్పు కలుగవలెనను నియమము లేదు. హద్దు సమీపమున నున్నవాని విషయము వేరు. అట్టివానికి కొద్దిపాటి తగ్గుదలయు బరువైనదే.

నాలుగవది యన్నింటికంటె ముఖ్యమైనది. గత దశాబ్దములలో ఆహారములో వచ్చిన మార్పులు శుక్రకణముల తగ్గుదలకు కొంత కారణము కావచ్చునని వ్యాసకర్తలు చివర సూచించిరి. ఒకే తరము వారిని ఒకేమారు చూచిన పరిశోధన తరతరముల మార్పును గూర్చి సాక్ష్యము చెప్పజాలదు. దానికి ఆయా దశాబ్దములలో ఎవరేమి తినిరో తెలుపు లెక్కలు వేరుగా కావలెను. "కావచ్చును" అను జాగ్రత్తమాట వాడిరి గనుక వారిది గొప్ప తప్పు కాదు. కాని ప్రచారములో మొదట రాలిపోవునది ఆ "కావచ్చును" అను మాటయే.

ఇతర సాక్షులు

ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పుట న్యాయము కాదు. ఇతరులను గూడ పిలువవలెను.

అమెరికాలోని బోస్టను నగరమున ఒక సంతానసాఫల్య చికిత్సాలయమునకు వచ్చిన 99 మంది పురుషులపై జరిగిన పరిశోధన 2012లో వెలువడినది. అందును సంతృప్త క్రొవ్వులు ఎక్కువ తినువారిలో శుక్రకణములు తక్కువగా కనబడినవి. ఒమేగా-3 జాతి క్రొవ్వులు ఎక్కువ తినువారిలో కణముల ఆకారము మెరుగుగా నుండెను. అయితే వారిలో నూటికి డెబ్బది మంది అధిక బరువు గలవారు. స్పెయిను దేశపు ముర్సియాలో 209 మంది యువకులను పరీక్షింపగా, 2014లో ప్రకటితమైన ఫలితములలో దోషిగా నిలిచినది ట్రాన్స్ క్రొవ్వు. మూడు దేశముల సాక్షులును "క్రొవ్వు రకమునకు ప్రాముఖ్యము కలదు" అను విషయమున ఏకీభవించుచున్నారు. ఏ రకము, ఎంత అనుచోట మాటలు కలియవు.

అమెరికాలోనే మిషిగన్, టెక్సాస్ రాష్ట్రములలో సంతానము కోరుచున్న 501 జంటలను అనుసరించిన పరిశోధన మరింత దగ్గరి సాక్ష్యము. 2014లో వెలువడిన దాని ఫలితములలో, రక్తమున స్వేచ్ఛా కొలెస్టరాల్ ఎక్కువగా నున్న జంటలకు గర్భధారణకు ఎక్కువ కాలము పట్టినట్లు తేలినది. ఇందు కొలిచినది శుక్రకణముల సంఖ్యను మాత్రమే కాదు, అసలు ఫలితమును. అదియు భార్యాభర్తల నిరువురను కలిపి. ఈ చివరి మాట గమనింపదగినది. సంతానము ఇరువురి పని. పరీక్షయు ఇరువురికే జరుగవలెను.

ఇక ఎదుటి పక్షపు సాక్ష్యము. 2021లో ఇంగ్లండు పరిశోధకులు ఆరు ప్రయోగములను, అనగా మొత్తము 206 మంది పురుషుల సమాచారమును కలిపి చూచిరి. క్రొవ్వును బాగుగా తగ్గించిన ఆహారము తిన్నపుడు టెస్టోస్టిరాను 10 నుండి 15 శాతము వరకు తగ్గినట్లు వారు తెలిపిరి. నేయి పక్షము వారికి ఇది విందు వంటి వార్త. కాని 206 మంది చిన్న సమూహము; ప్రయోగములు కొద్ది వారముల పాటు జరిగినవి; సంతానశక్తిని ఎవరును కొలువలేదు. డెన్మార్క్ వ్యాసముపై చెప్పిన అభ్యంతరములను ఇక్కడ మరచిపోవుట పక్షపాతము. తూచు రాళ్లు ఇరుపక్షములకును ఒకటే కావలెను.

ఆహారమును నిజముగా మార్చి చూచిన ప్రయోగములు కొన్ని కలవు. 2012లో లాస్ ఏంజిలిస్ శాస్త్రజ్ఞులు 21 నుండి 35 ఏండ్ల వయస్సు గల 117 మంది ఆరోగ్యవంతులను రెండు వర్గములుగా చీట్లు వేసినట్లు విభజించిరి. ఒక వర్గము వారు పన్నెండు వారములు దినమునకు 75 గ్రాముల అక్రోటు పప్పు తినిరి. రెండవ వర్గము వారు తినలేదు. తిన్నవారి శుక్రకణములలో జీవము, చలనము, ఆకారము మెరుగుపడినవి. 2018లో స్పెయిను శాస్త్రజ్ఞులు 119 మందిపై దినమునకు 60 గ్రాముల మిశ్రమ గింజలతో పదునాలుగు వారములు నడిపిన ప్రయోగమునను మేలే కనబడినది. ఛాయాచిత్రము కంటె ఇట్టి ప్రయోగము బలమైన సాక్ష్యము. అయినను మొదటిదానికి అక్రోటు పండించువారి సంఘము, రెండవదానికి గింజల వర్తకుల అంతర్జాతీయ సంఘము ధనసహాయము చేసినవి. అంతమాత్రమున ఫలితము అబద్ధమనరాదు. సంబంధము లేనివారు మరల చేసి చూచువరకు కొంత నిదానింపవలెనని మాత్రము అర్థము. ఈ రెండింటిలోను సంతానప్రాప్తిని కొలువలేదు.

ఎలుకలు నేర్పిన పాఠము

సందేహములన్నియు తీసివేయగా గట్టిగా నిలుచునది యేమైన కలదా? కలదు. అది వంద యేండ్లనాటి ఎలుకల ప్రయోగములతో మొదలైనది.

మిన్నెసోటాలో జార్జి బర్, మిల్‌డ్రెడ్ బర్ దంపతులు 1929లో క్రొవ్వు బొత్తిగా లేని మేత పెట్టి ఎలుకలను పెంచిరి. వాటి చర్మము పొట్టు రేగినది, పెరుగుదల నిలిచినది. లినోలియిక్ ఆమ్లమును కొద్దిగా చేర్చగానే అవి కోలుకొనినవి. శరీరము తాను తయారుచేసికొనలేని క్రొవ్వు ఆమ్లములు కొన్ని కలవని ఆ విధముగా తెలియవచ్చినది. 1934లో కాలిఫోర్నియాలో హెర్బర్ట్ ఎవాన్సు, ఆయన సహచరులు క్రొవ్వు లేని మేత తిన్న మగ ఎలుకలు గొడ్డువగుటను నిరూపించిరి.

దీనికి కారణము తరువాతి కాలమున విశదమైనది. శుక్రకణము తోకతో ఈదవలెను. అండము పొరతో కలిసిపోవలెను. అందుకు దాని పొర మిక్కిలి మెత్తగా, వంగునదిగా ఉండవలెను. ఆ గుణమును కలిగించు వాటిలో ముఖ్యమైనది 22 కర్బనములు, ఆరు ద్విబంధములు గల డి.హెచ్.ఏ. అను ఒమేగా-3 ఆమ్లము. ఈ జాతి ఆమ్లములను తయారుచేయు ఒక ఎంజైమును లోపింపజేసిన మగ చిట్టెలుకలు గొడ్డువైనవి, మేతలో డి.హెచ్.ఏ. చేర్చగా వాటికి సంతానశక్తి పూర్తిగా మరల వచ్చినది. ఇల్లినాయ్ శాస్త్రజ్ఞులు 2010లో ప్రకటించిన ఈ ప్రయోగములో కారణము, కార్యము రెండును కన్నులకు కట్టినట్లు కనబడుచున్నవి.

కొలెస్టరాల్ పాత్రయు ఇచటనే బోధపడును. పక్వమగు శుక్రకణము పొరలో కొలెస్టరాల్ ఉండవలెను, కాని ఎల్లకాలము ఉండరాదు. స్త్రీ శరీరములో ప్రవేశించిన పిమ్మట ఆ కొలెస్టరాల్ కొంత తొలగిన గాని కణమునకు అండములో ప్రవేశించు సామర్థ్యము రాదు. ఈ సామర్థ్యప్రాప్తిని 1951లో అమెరికాలో చాంగ్, ఆస్ట్రేలియాలో ఆస్టిన్ వేరువేరుగా కనుగొనిరి. కొలెస్టరాల్ తొలగుట అందు ముఖ్యభాగమని తరువాత తేలినది. కావున ప్రశ్న కొలెస్టరాల్ మంచిదా చెడ్డదా యని కాదు. తగిన చోట, తగిన వేళ, తగినంత ఉన్నదా యనియే.

అయితే ఎలుకల సాక్ష్యమునకును హద్దు కలదు. ఆ ఎలుకలకు క్రొవ్వును పూర్తిగా మాన్పించిరి. మనుష్యులెవరును అట్లు తినరు. మరియొక వైపున, కుందేళ్లకు కొలెస్టరాల్ మేపి వృషణములు చెడుటను చూపిన ప్రయోగములున్నవి. గడ్డి తిను కుందేలుకు స్వభావసిద్ధమైన ఆహారములో కొలెస్టరాల్ దాదాపు లేదు. లేనిదానిని దండిగా మేపగా వచ్చిన చేటును మనుష్యునకు యథాతథముగా అంటగట్టుట తొందరపాటు.

తెలుగువారి వంటయిల్లు

ఇన్ని సాక్ష్యముల నడుమ తెలుగువాని వంటింట ఏమి చేయవలెను? డెన్మార్క్ యువకుని క్రొవ్వు చాలవరకు పాలు, జున్ను, మాంసముల నుండి వచ్చునది. తెలుగునాట వాడునవి వేరుసెనగ, నువ్వులు, ప్రొద్దుతిరుగుడు, తవుడు, పామాయిలు, వీటికి తోడు నేయి. వేరుసెనగ నూనెలో సంతృప్త క్రొవ్వు అయిదింట ఒక వంతుకు మించదు. పామాయిలులో సుమారు సగము. నేతిలో అంతకంటె ఎక్కువ. డెన్మార్క్ అంకెను ఈ పళ్లెమునకు నేరుగా అతికించుట సాధ్యము కాదు.

అయినను కొన్ని మాటలు నిస్సంశయముగా చెప్పవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ననుసరించి ఆహారశక్తిలో సంతృప్త క్రొవ్వుల వంతు 10 శాతమునకు, ట్రాన్స్ క్రొవ్వుల వంతు 1 శాతమునకు మించరాదు. ఈ సలహా గుండె కొరకు ఏర్పడినది. వృషణములకు దాని వలన నష్టమున్నట్లు సాక్ష్యము లేదు. ఒకప్పుడు మిఠాయి దుకాణములలోను, విందులలోను విరివిగా వాడిన వనస్పతిలో ట్రాన్స్ క్రొవ్వు అధికముగా నుండెడిది. 2022 జనవరి నుండి భారతదేశమున నూనెలలో, వనస్పతిలో దాని హద్దు 2 శాతముగా విధింపబడినది. ఇది మంచి చర్య. ఒకే నూనెను పట్టుకొని వ్రేలాడక, రకములు మార్చియో కలిపియో వాడుకొనుమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పుచున్నది. చేపలు తినువారికి డి.హెచ్.ఏ. నేరుగా లభించును. తిననివారికి అవిసెగింజలు, ఆవనూనె, అక్రోటు ఒమేగా-3 జాతిలోని మాతృకామ్లమును ఇచ్చును. అందులో కొద్ది భాగమే డి.హెచ్.ఏ.గా మారును.

మాత్రలను గూర్చి ఒక హెచ్చరిక. శుక్రకణములు పెరుగునని చెప్పి జింకు, ఫోలిక్ ఆమ్లముల మాత్రలను లోకము చాలకాలము నమ్మినది. 2370 జంటలపై అమెరికాలో జరిగిన పెద్ద ప్రయోగపు ఫలితములు 2020లో వెలువడినవి. మాత్ర మ్రింగిన వర్గమునకును, ఉత్తుత్తి మాత్ర మ్రింగిన వర్గమునకును వీర్యగుణములో గాని, బిడ్డలు కలుగుటలో గాని చెప్పదగిన తేడా లేకపోయెను. చిన్న పరిశోధనలలో మెరిసినది పెద్ద పరీక్షలో నిలువకపోవుటకు ఇది మంచి నిదర్శనము. క్రొవ్వుల విషయమున అట్టి పెద్ద పరీక్ష జరిగి, సంతానమే కొలమానముగా ఫలితము తేలవలసి యున్నది.

తీర్పు

డెన్మార్క్ వ్యాసము పారవేయదగినది కాదు. ప్రమాణముగా నెత్తిన పెట్టుకొనదగినదియు కాదు. అది ఒక మంచి ప్రశ్నను సామాన్య యువకుల నడుమ తగిన జాగ్రత్తతో అడిగినది. జవాబును మాత్రము సగమే ఇచ్చినది. సంతృప్త క్రొవ్వు మితిమీరిన చోట శుక్రకణములు తగ్గవచ్చునను అనుమానము సహేతుకము. ఆవశ్యక క్రొవ్వు ఆమ్లములు బొత్తిగా లేనిచో మగజంతువు గొడ్డగుట జంతువులలో నిరూపితము. "నేయి తిన్నచో పురుషత్వము" అనునది నిరాధారము. "నేయి తాకినచో నష్టము" అనునదియు అంతే.

ఉన్నత పాఠశాలలలో ఉపాధ్యాయులు ఈ వ్యాసమును ఒక పాఠముగా ఉపయోగించుకొనవచ్చును. వార్తలో ఒక శాతము కనబడగానే విద్యార్థులు అయిదు ప్రశ్నలు వేయుట నేర్వవలెను: ఎంతమందిపై చూచిరి? కొలిచినది దేనిని? ఆ అంకె ఎక్కడి నుండి ఎక్కడికి ఊగవచ్చును? వేరొక కారణము ఉండవచ్చునా? ధనమెవరిచ్చిరి? ఈ ప్రశ్నలకు ఖర్చు లేదు. వీటిని అడుగ నేర్చిన బాలుడు రేపు గృహస్థుడైనపుడు పత్రికలోని ప్రకటన చూచి మాత్రలు కొనడు. ఇంట బిడ్డ కలుగుట ఆలస్యమైనచో నేతిగిన్నె మీదనో, భార్య మీదనో నేరము మోపి కూర్చుండడు. ఆమెతో పాటు తానును వైద్యుని యొద్దకు పోయి పరీక్ష చేయించుకొనును.